మునిగినా చెరగని పడవ

శుక్రవారం, రాత్రి

తిక్క రేగిపోయింది ఈరోజు. జువ్వలదిన్నె ప్రభుదాసన్న పడవ మునిగి నెల దాటింది. అయినా వేటకెళ్లిన పడవల రాకపోకలు చూసే మా ఆఫీసు సిస్టం రోజూ పొద్దుగూకగానే "మీ పడవ ఇంకా ఒడ్డుకు రాలేదు" అని ఆయనకు మెసేజ్ పంపుతోంది. "మునిగిన పడవ యాడ నుంచి వస్తాది మా?" అని మళ్లీ ఫోన్ చేశాడు.

డేటాబేస్‌లో ఆ పడవను డిలీట్ చేస్తాను. ఎర్రర్ రాదు, పడవా పోదు. ప్రోగ్రామంతా గాలించి, చివరికి డేటాబేస్ లోపలే దాక్కున్న రూలును పట్టుకున్నాను. నేనిచ్చే ఆదేశాన్ని, అదే క్వెరీని, చెట్టులా కొమ్మలుగా విడదీసి, డిలీట్ అని కనిపిస్తే చాలు, ఆ ఆదేశాన్నే మొత్తం తుంచి పారేస్తోంది.

పెట్టింది నాకు ముందు ఇక్కడ పనిచేసిన కరీమన్న. ఫోన్‌లో ఎంత తాపీగా చెప్పాడో! "పడవలు పొరపాటున పోకూడదని పెట్టినా చెల్లీ."

ఆ రూలేదో సముద్రానికి పెట్టాల్సింది.