నిలవాల్సిన స్వరం

సెప్టెంబర్ 7, శనివారం

మృదంగం సాధన మధ్యలో డోర్‌బెల్ మోగింది. పక్క టౌన్‌హౌస్‌లో కూతురి దగ్గర ఉండే కొరియన్ పెద్దావిడ. మా రెండిళ్లకీ గోడ ఒకటే. కంప్లైంట్ చేయడానికి వచ్చారనుకుని ముందే సారీ చెప్పేశాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, వాయించేది ఎవరని అడిగారు. నేనే అన్నాను. నా చేతులు పట్టుకుని తిప్పి చూశారు. సాక్సులతోనే వచ్చేశారని అప్పుడు గమనించాను.

పేరు యూన్ మిసుక్. బుధవారం రమ్మన్నారు.

సెప్టెంబర్ 11, బుధవారం, సాయంత్రం

ఆఫీస్ కాల్ అయ్యాక వెళ్లాను. వాళ్ల హాల్లో మనిషంత పొడుగు చెక్క వాద్యం. పన్నెండు పట్టు తీగలు, ఒక్కో దాని కింద బాతు కాలులాంటి చిన్న బ్రిడ్జి. గయాగమ్ అంటారట. కుడిచేత్తో మీటుతారు. ఎడమచేత్తో బ్రిడ్జి అవతల తీగను నొక్కి స్వరాన్ని ఊపుతారు. మన గమకమే. కానీ వీణ కంటే పొడిగా ఉంది. మోగి, వెంటనే ఆరిపోతుంది.

ఆవిడ వాయించేది సాంజో. చాలా నెమ్మదిగా మొదలై, పోనుపోను వేగం అందుకుంటుంది. పక్కన ఒక్క డ్రమ్మే ఉంటుంది. అది ఆవిడ భర్త వాయించేవారు. ఆయన పోయారు. నవంబర్‌లో పక్క ఊరు ఆనండేల్‌లో కొరియన్ సంఘం ప్రోగ్రామ్ ఉందని, తను వాయించేది అదే ఆఖరని, పక్కన నన్ను కూర్చోమని అడిగారు. మీవాళ్లలో ఎవరూ లేరా అన్నాను. ఉన్నారు, కానీ రోజూ గోడలోంచి విన్నది నిన్నే అన్నారు.

నా మొగుడు శశికాంత్‌కి చెబితే నవ్వాడు. "మనవాళ్ల ప్రోగ్రామ్‌కి పిలిస్తే ఆఫీస్ ఆన్-కాల్ డ్యూటీ అంటావ్. ఆవిడ పిలవగానే వెళ్తావా?" అన్నాడు. అయినా వెళ్తానన్నాను.

సెప్టెంబర్ 22, ఆదివారం

డ్రమ్ము పేరు జాంగు. డమరుకాన్ని పెద్దది చేసి పడుకోబెట్టినట్టుంటుంది. ఎడమవైపు అరచెయ్యి, నాకు అలవాటే. కుడివైపు సన్నటి వెదురు పుల్ల. విజయనగరంలో అన్నేళ్లు మృదంగం మీద అరగదీసిన నా కుడి వేళ్లకి ఇక్కడ పనే లేదు. అందుకే కాబోలు, ఖాళీ కనిపించిన చోటల్లా పుల్లతో నింపేశాను. ఆవిడ మీటడం ఆపేశారు. చాలా మాట్లాడుతున్నావు అన్నారు. వచ్చీరాని ఇంగ్లిష్‌లో, కోపం లేకుండా.

తీగ మోగి ఆరిపోయాక మిగిలేది కూడా ఆవిడ వాయించినదేనట. దాని మీద కొట్టకూడదట.

ఇంకోటి. వాయిస్తూ మధ్యలో మెచ్చుకోలు మాట అనాలి. అది కూడా డ్రమ్ము డ్యూటీయే. "చోతా" అంటే బాగుందని. నాకు సిగ్గేసింది. అనలేకపోయాను.

అక్టోబర్ 5, శనివారం

ఈరోజు ఆవిడ ఊపిరి వినబడింది. దాని వెనకే దెబ్బ వేశాను. తల ఊపారు.

అక్టోబర్ 13, ఆదివారం

పాడు నోరు.

నెమ్మది భాగంలో ఒక స్వరాన్ని ఆవిడ పట్టి పట్టి ఊపారు. ఇంతకు ముందు అక్కడ ఊపలేదు. ఆ తర్వాత స్వరం కూడా అలాగే వణికింది. ఎంత బాగుందో. అదే చెప్పాను. ఈ కొత్త గమకం బాగుంది, మావైపు అయితే సభ అంతా తలలూపేది అన్నాను.

ఆవిడ ఎడమచెయ్యి తీగల మీంచి తీసి నా ముందు పెట్టారు. ఊరికే ఉన్న చెయ్యి. వణుకుతూనే ఉంది.

కొన్ని స్వరాలు ఊగాలి, కొన్ని విరిగి కిందికి జారాలి, ఒకటి మాత్రం కదలకుండా నిలవాలి అన్నారు. అది నిలవడం లేదు. రోగాన్ని సంగీతం అనకు అన్నారు. వాద్యం మీద గుడ్డ కప్పేశారు. నేను వచ్చేశాను.

అక్టోబర్ 16, బుధవారం

పిలుపు లేదు. గోడ అవతల కూడా చప్పుడు లేదు.

అక్టోబర్ 20, ఆదివారం

ఆవిడ కూతురు గ్రేస్ వచ్చింది. పార్కిన్సన్స్ అని చెప్పింది. ప్రోగ్రామ్ హాల్లో కూర్చునేవాళ్లలో సగం మంది అమ్మ స్టూడెంట్సేనట, ప్రతి తప్పూ వాళ్లకి వినబడుతుందట. మీరు రానంటే అమ్మే మానుకుంటుంది, ఆ సాయం చెయ్యమని అడిగింది. ఏడవలేదు గానీ కార్ తాళాలు చేతిలో తిప్పుతూనే ఉంది.

నాకు ఆ పిల్ల మాట సబబే అనిపించింది. కానీ ఆవిడకి తెలియకుండా చెయ్యబుద్ధి కాక ఆవిడ దగ్గరికే వెళ్లాను. ముందు సారీ చెప్పాను. తర్వాత గ్రేస్ వచ్చిన సంగతి దాచకుండా చెప్పి, మీరేమంటారో అదే చేస్తానన్నాను.

ఆవిడ బార్లీ టీ పోశారు. మానేస్తే వాళ్లంతా నా చెయ్యి ఇంకా బాగుందనే అనుకుంటారు, అది నాకు వద్దు అన్నారు. నేర్పినదాన్ని నేనే, ఇది కూడా చూడనీ అన్నారు.

గ్రేస్‌కి నేనే చెప్పాను, నేను వాయిస్తున్నానని. ఓకే అంది. అంతే.

నవంబర్ 16, శనివారం

ప్రోగ్రామ్ హాల్లో ముందు వరసలో అంతా ఆడవాళ్లు, నడివయసు వాళ్లు, ఆవిడ స్టూడెంట్లు. ఆవిడ నడిచి వస్తుంటే అందరూ లేచారు. గ్రేస్ మాత్రం చివర్లో, తలుపు పక్కన నిలబడింది.

మొదటి స్వరాలు బాగానే వచ్చాయి. తర్వాత నిలవాల్సిన స్వరం వచ్చింది. నిలవలేదు. ముందు వరసలో ఒకావిడ తల దించుకుంది. రెండోసారి వచ్చింది, ఇంకా ఎక్కువ వణికింది.

మూడోసారి వచ్చేసరికి ఆవిడ ఎడమచెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నారు. అందరికీ కనబడేలా. కుడిచేత్తోనే మీటారు. ఊపు లేదు, అలంకారం లేదు, ఉత్త తీగ. మోగింది, కదలకుండా ఉంది, ఆరిపోయింది. ఆ ఖాళీలో నేనేమీ కొట్టలేదు.

"భళా" అన్నాను. ఎలా వచ్చిందో. చోతా అనబోయి తెలుగు వచ్చేసింది. ముందు వరసలో ఒకావిడ నవ్వి, కళ్లు తుడుచుకుంటూ వాళ్ల మాట గట్టిగా అంది. ఇంకొకరు అన్నారు. అక్కడి నుంచి చివరిదాకా ఒక్క చేత్తోనే వాయించారు. వేగం భాగాలు వదిలేశారు. అయిపోయిందని నాకు తెలిసింది ఆవిడ వంగి నమస్కరించినప్పుడే.

తిరిగి వస్తూ కార్‌లో నిద్రపోయారు. గ్రేస్ డ్రైవ్ చేసింది. ఒక సిగ్నల్ దగ్గర, చిన్నప్పుడు అమ్మ తనకీ నేర్పబోతే పారిపోయేదాన్నని చెప్పింది.

డిసెంబర్ 8, ఆదివారం

గయాగమ్‌ని స్టూడెంట్ ఎవరో తీసుకెళ్లారు. ఆవిడ సోఫాలో కూర్చుని తీగల చప్పుళ్లని నోటితో పాడారు. దుంగ్, దాంగ్, జింగ్. మన జతులు చెప్పినట్టే. మొత్తం సాంజో, వేగం భాగాలతో సహా. నేను జాంగు పట్టాను.

సగంలో వాయించడం ఆపేశాను, వినడానికి. ఆవిడ గమనించలేదు.