బియ్యం మోసిన సంచి

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ కుట్టుమిషను అమ్మలేదు. తీరిక దొరికినప్పుడల్లా దాని మీద గుడ్డసంచులు కుట్టడం నేర్చుకుంటున్నాను. వార్తలు రాసే చేతికి అది తొందరగా లొంగలేదు. ఈరోజు లొంగింది!

తెలంగాణ కోసం ఈరోజు మరిపెడలో వంటావార్పు చేశారు. బండ్లు ఆగిపోయాయి, నడిరోడ్డు మీద పొయ్యిలు వెలిగాయి. ఆడవాళ్లు ఇంటింటికీ తిరిగి బియ్యం పోగుచేశారు. కిరాణా కొట్టు సారమ్మ, బియ్యానికని నేనిచ్చిన సంచిని తిప్పి చూసి, "పేపరాయన కుట్టిన సంచా గిది! బియ్యం మోస్తే నా దుకాణంల పెడ్త. తెగితే ఊరంత నవ్వుతది తమ్మీ," అంది.

మొదట కుట్టిన సంచులకు పట్టీలు అంచు దగ్గరే కుట్టాను, బరువుకు ఊడిపోయాయి. దీనికి మాత్రం, పత్తి ఏరే సంచులకు నువ్వు కుట్టినట్టే, పట్టీని అడుగు దాకా దింపి కుట్టాను.

సారమ్మ నిండా బియ్యం పోయించి పొయ్యి దాకా మోసింది. ఒక్క పోగు తెగలేదు.

"ఇగ రేపటి సంది కుట్టు తమ్మీ. ఎన్ని కుడితే గన్ని అమ్ముత!"

పెద్దవంగర నుంచి వచ్చిన యాదమ్మ అడిగింది: "గీ పని ఎవరు నేర్పిన్రన్నా?"

"మా అక్క."

"నేను గూడ నేర్చుకుంట. జర ఆమె తానకు తోల్కపో."

దారి పొడవునా అసలు సంగతి చెప్పలేకపోయాను. ఇంట్లో నీ ఫొటోకున్న దండ యాదమ్మ చూసింది. తర్వాత మిషను ముందు నీ స్టూలు మీద కూర్చుని, "దారం ఏడున్నదన్నా?" అంది.

నీ తమ్ముడు