వాగులో దొరికిన ఎర్ర పురుగులు

అమ్మాయీ,

మేమంతా లేచి తిరుగుతూనే ఉన్నాం, కంగారుపడకు. నువ్వు మాత్రం చంటిదాన్ని తీసుకుని సెలవులకు రావద్దు. కోపం తర్వాత తెచ్చుకో, ముందు ఇది చదువు.

మొన్న నీ మేనకోడలి క్లాసు పిల్లలు మన పెరటి వెనక వాగును పరీక్ష చెయ్యడానికి వచ్చారు. ఒకరు కాలితో రాళ్లు కదిపితే, దిగువన ఇంకొకరు వల పట్టారు. వల నిండా ఎర్ర పురుగులు. "మాకే ఎక్కువ దొరికాయి మేష్టారూ" అని వెధవలు గంతులేశారు. మేష్టారి మొహం మాత్రం పాలిపోయింది. మంచినీటి పురుగులన్నీ చచ్చాక, ఊపిరాడని బురదలో ఇవే మిగులుతాయట. ఎగువన అద్దకం కార్ఖానా గొట్టం ఈ వాగులోకే కదా.

"వాగు పక్కనే ఉన్న మా బావి మాటేమిటి నాయనా?" అన్నాను.

"పరీక్ష చేయించేదాకా ఆ నీళ్లు పసిపిల్లలకు పట్టకండమ్మా. కాచినా రంగుల మందు పోదు" అన్నాడు.

ఇన్నేళ్లుగా అలవాటుపడ్డాం, మనకేం కాదని మీ నాన్న ధీమా. ఆ ఎర్ర పురుగుల ధీమా కూడా అదే.

పాప బోర్లా పడుతోందా? దగ్గు తగ్గిందా? పోయినసారి మీరిక్కడ ఉన్నన్నాళ్లూ దాని పాలపొడి ఈ నీళ్లతోనే కలిపాం. ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పు. నోరు రాకపోతే ఈ కార్డే చూపించు, నా దస్తూరీ ఆయనదానికన్నా నయం.

దానికి ముద్దులు, నీకు దీవెనలు. ఉయ్యాల విప్పించేశాను. మొండికేసి వచ్చినా దాన్ని పడుకోబెట్టడానికి చోటు లేదు.

మీ అమ్మ