పట్టపగలు లైటెందుకు?

అన్నయ్యగారికి నమస్కారాలు.

మన భార్యలు అక్కచెల్లెళ్ళు, మనవి ఎదురెదురు ఫ్లాట్లు. అయినా నా కవితల పుస్తకాన్ని "కాగితం బాగుంది" అని మీరు సమీక్షించిన నాటినుంచి మన మాటలన్నీ తలుపు సందులోంచి తోసే ఉత్తరాల్లోనే కదా. ఇది మాత్రం ఫ్లాట్ల సంఘం కార్యదర్శిగా రాస్తున్నాను. రోజూ మధ్యాహ్నం మీ కిటికీలో కళ్ళు చెదిరే లైటు. దాని ముందు మీరు బిగుసుకుపోయి కూర్చుంటున్నారు. ఇళ్ళలో ఫోటో స్టూడియోలు పెట్టకూడదు. ఆపకపోతే ఆదివారం సమావేశంలో తీర్మానం పెట్టి ఆ లైటు తీయిస్తాను.

ఇట్లు, మీ తోడల్లుడు.

తా.క. చింపిరి జుట్టుతో ఫోటో దిగేవాణ్ణి మిమ్మల్నే చూశాను.

---

కార్యదర్శిగా వెలుగుతున్న తమ్ముడికి, అయిష్టంగానే ఆశీస్సులు.

స్టూడియో నడిపేవాడు ఎదుటివాణ్ణి నవ్వమనాలి. ఆ పని నా వల్ల కాదు. అది వైద్యం. భోజనం వేళ దాని ముందు కూర్చోమని డాక్టరు చెప్పాడు. ఎందుకో నీకు చెప్పను. చెబితే దానిమీదా కవిత రాస్తావు. లైటు జోలికొస్తే మాత్రం ఊరుకోను.

ఇట్లు, నీ అన్న.

తా.క. నువ్వు ఆరా తీయమని పంపిన పైఅంతస్తు పెద్దమనిషి పౌడరు రాసుకుని మరీ వచ్చాడు. లైటు ముందు కాసేపు కూర్చుని, కాపీలు ఎప్పుడిస్తారని అడిగాడు.

---

అన్నయ్యగారికి, నమస్కారాలు ఈసారి సగమే.

వైద్యమా! ఆ పెద్దమనిషి మీ ఇంట్లోంచి వచ్చి, ఒళ్ళు తేలిగ్గా ఉందని అందరికీ చెప్పాడు. ఇవాళ మీ గుమ్మం ముందు వరుస! మోకాళ్ళ నొప్పులవాళ్ళు, బట్టతలవాళ్ళు. ఒకావిడ వాడిపోయిన మొక్కను కుండీతో సహా మోసుకొచ్చింది. అంటే అనుమతి లేకుండా ఆసుపత్రి నడుపుతున్నారన్నమాట. తీర్మానం ఖాయం.

ఇట్లు, కార్యదర్శి.

తా.క. ఆ వరుసలో మా ఆవిడ కూడా ఉంది. ఆమెకేం జబ్బు?

---

తమ్ముడూ,

నా మరదలికి ఏ జబ్బూ లేదు, నువ్వు తప్ప. ఒకరి మందు మరొకరికి పనికిరాదని చెప్పి, మొక్కతో సహా అందరినీ వెనక్కి పంపాను.

ఇక నా జబ్బు విను. బైపోలార్ డిప్రెషన్. నా మనసుకు రెండు చివరలు. ఒక చివర, నిద్ర మానేసి లోకాన్ని ఉద్ధరించేస్తాననే వేగం. రెండో చివర, గోడవైపు తిరిగి పడుకుంటే స్నానానికి కూడా లేవలేని దిగులు. ఈ చలికాలమంతా రెండోదే. పుస్తకం తెరిస్తే అక్షరాలు కనబడేవి, అర్థం అందేది కాదు. చదవడం తప్ప ఇంకేమీ చేతకానివాడికి అంతకన్నా నరకమేముంది? డాక్టరు మాత్రలు ఆపకుండానే లైటు పెట్టించాడు. పొద్దున్నే అయితే మనసు ఆ మొదటి చివరికి ఎగిరిపోవచ్చట, అందుకే మధ్యాహ్నం. గుణం కనబడ్డానికి వారాలు పట్టింది. మొన్న ఒక నవల ఆసాంతం చదివి, అది చెత్త అని గుర్తుపట్టాను. "మా ఆయన తిరిగొచ్చాడు" అని మీ వదిన ఏడ్చింది.

ఆ లైటా నువ్వు తీయించేది? ఆదివారం నేనూ వస్తున్నాను.

ఇట్లు, అన్న.

తా.క. మరిదిగారూ, ఇది నేను రాస్తున్నాను, మీ వదినను. ఆయన గడ్డం గీసుకున్నారు. మీ జాగ్రత్తలో మీరుండండి.

---

మాజీ కార్యదర్శి అయిన తమ్ముడికి,

ఆదివారం సమావేశంలో నా జబ్బు పేరు అంతమందిలో పైకి చెప్పేశాను. అది విన్నాక ముందు కుర్చీలో ఒకాయన లేచి, "మా అబ్బాయికీ అదేనండీ. ఇంతవరకు ఎవరికీ చెప్పుకోలేదు" అన్నాడు. ఆ తర్వాత నీ తీర్మానానికి చేతులెత్తమంటే గదిలో ఫ్యాను ఒక్కటే కదిలింది. నువ్వు కూడా ఎత్తలేదు. చూశాను.

కొత్త కార్యదర్శిగా నా పేరు చెప్పింది నీ భార్య. అప్పుడు మాత్రం నీ చెయ్యి లేచింది. తల గోక్కోవడానికని తర్వాత అందరికీ చెబుతున్నావట. మేం మాత్రం ఏకగ్రీవమని రాసేసుకున్నాం.

ఇట్లు, కార్యదర్శి.

తా.క. ఈ పదవి పిచ్చి కూడా జబ్బులో భాగమేమోనని నాకే భయం వేసి డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. నిద్రపోతున్నారా అన్నాడు. హాయిగా అన్నాను. మాత్రలు? వేసుకుంటున్నాను. "అయితే ఇది జబ్బు కాదు, మీ స్వభావమే. దానికి మా దగ్గర మందు లేదు" అన్నాడు.