సాల్ట్ ఒకటే

మార్చి 4, 2023

ఎల్లస్వామి మా బాపుతో గుండె గోలీలు మాన్పించాడు.

స్టెంట్ వేసి మూడు నెలలు కాలేదు. గోలీల స్ట్రిప్ నిండుగా కనబడి అడిగితే బయటపడింది. మందుల షాపులో కంపెనీ మారిన గోలీలిచ్చి, సాల్ట్ ఒకటే, ఫికర్ చెయ్యకు అన్నారట. సాల్ట్ అంటే గోలీలోని అసలు మందు; ఉప్పు అనుకున్నాడు బాపు. డాక్టరమ్మేమో ఉప్పు తగ్గించమంది. ఇంటింటికీ తిరిగి పౌడర్ డబ్బాలమ్మే ఎల్లస్వామిని పోయి అడిగాడు. గంతే కాటమయ్యా, ఉప్పు తగిల్తే ఇనుముకు జంగు పడ్తది, నీ గుండెల స్ప్రింగుకూ పడ్తది, గా గోలీలు బంద్ జెయ్, గీ పౌడర్ తాగు, యాంటీ ఆక్సిడెంట్, జంగు ఇడిపిస్తది అన్నాడట.

బాపు నమ్మాడు. వెల్డింగ్ షాపులో నేను రోజూ ఇనుము మీది తుప్పు, అదే జంగు, గీకడం చూసే మనిషి. నమ్మడా?

అదే రోజు, సాయంత్రం

బాపు ఛాతీ పట్టుకున్నాడు. 108లో మహబూబ్‌నగర్ పోతున్నాం.

మార్చి 5

స్టెంట్ మూసుకుపోలేదు! దవాఖాన మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఇంకొన్ని రోజులైతే మనిషి దక్కేవాడు కాదట.

జంగు మాట పూర్తిగా అబద్ధం కాదట. అందుకే ఇంకా ఒళ్లు మండుతోంది. రక్తనాళం గోడలో చేరిన కొవ్వు ఆక్సిడైజ్ అయితే గోడ వాస్తుంది, పూడిక పేరుకుంటుంది. బీడీ పొగ, బీపీ, షుగర్ దాన్ని ఎగదోస్తాయి. కానీ డబ్బా పౌడర్ తాగితే అది పోతుందని ఎక్కడా తేలలేదు. స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా ఆపేది ఆ గోలీయే. డాక్టరమ్మ ఇదంతా చెప్పింది. పదితో ఆగిన చదువు నాది, అయినా ఫోన్‌లో డిక్షనరీ పెట్టుకుని చదివి చూశాను. అదే ఉంది.

ఎల్లస్వామికి ఫోన్ చేశాను. మీ బాపు గ్యాస్‌కు బుగులువడ్డడు, గంత భయమెందుకు, పోరివి పోరి తీరుగుండు అని పెట్టేశాడు.

మార్చి 8

బాపు ఇంటికొచ్చాడు. బిడ్డా, గా స్ప్రింగుకు జంగు నిజంగ పట్టదా అని మళ్లీ అడిగాడు. అది జంగు పట్టే ఇనుము కాదు బాపూ, స్టీలు లెక్క అన్నాను. నమ్మలేదు. షాపు నుంచి స్టీలు ముక్క, మేకు తెచ్చి రెండు గ్లాసుల ఉప్పునీళ్లలో వేశాను.

మార్చి 13

మేకు ఎర్రబడింది. స్టీలు మెరుస్తోంది. పొద్దున్నే బాపు గ్లాసుల ముందే కూర్చుంటే, పెండ్లాం మొఖం గిట్ల ఎన్నడన్న సూసినవా అంది అమ్మ. బాపు గోలీ మింగాడు. బీడీకట్ట నా చేతిలో పెట్టి, గిది సుత జంగేనా అన్నాడు.

అవునన్నాను. ఎన్నాళ్లకో నవ్వొచ్చింది.

మార్చి 14

ఎల్లస్వామికి ఫోన్‌లో ఇది రాసి పంపాను: ఎల్లస్వామీ, నువ్వొస్తే ఛాయ్ పొయ్యమన్నాడు బాపు. పోస్తా. చక్కెర కాదు, సాల్ట్.

మేకు వేసిన ఎర్రనీళ్ల గ్లాసు మా గడప మీద పెట్టాను. దాని పక్కన నిలబడి, గోలీలు మానొద్దని బాపుకు నీ నోటితో చెప్పు. డబ్బా అమ్మిన ప్రతి ఇంట్లో చెప్పు. ఆదివారం పొద్దుగూకేలోపు.