కొలను దీపాలు వెలగకపోవుటకు సంజాయిషీ

ఉరవకొండ,
12-5-1983

గౌరవనీయులు గంగాధరప్పగారి సముఖమునకు,

తమ బంగళా పెరట్లోని ఈతకొలనులో పాత దీపాలు, వైర్లు తీసి కొత్తవి బిగించాను. అవి వెలగలేదు గనుక నాకు పని రాదని తమరు అన్నారట. రాత్రి పాఠశాలలో చదివి వైర్‌మన్ పరీక్ష నెగ్గిన నాకది తలవంపు.

ఆ దీపాలు నీట మునిగి ఉన్నప్పుడే వెలిగించాలి, లేకుంటే వేడికి పగులుతాయి. తమరు పంపిన ట్యాంకరు నీళ్లు నింపి నేను స్విచ్చి వద్దకు వెళ్లేలోగా వీధి ఆడవారంతా బిందెలతో కొలనులోకి దిగారు. నీళ్లలో మనుషులుండగా స్విచ్చి వేయరాదు గనుక వద్దని వారించాను.

"నీ దీపాలకేంటికయ్యా నీళ్లు? తాగనీకి మాకే లేవు. పక్కకు నిలబడుకో!" అన్నది ముందున్న స్త్రీ. చూస్తుండగానే దీపాలు బయటపడ్డాయి.

దయచేసి మరొక ట్యాంకరు పంపండి. అది వచ్చిన తరువాతే నాకు కబురు చేయండి. ముందే తెలిస్తే ఇంట్లో చెప్పకుండా ఉండలేను.

ఆ ముందున్న స్త్రీ నా భార్య.

తమ నమ్మకమును తిరిగి కోరు,
వైర్‌మన్