ఉరితీసిన కాపలావాడి తరఫున

అక్కకి,
ఇక్కడ నేనూ, నీ కూతురూ బాగానే ఉన్నాం. బావగారికి ఫిర్యాదు రాస్తానన్నాడు ఇక్కడి లైబ్రరీ ఆయన, అది వస్తే కంగారు పడకు. నీ కూతురు చేసిన నేరం నేను చెబుతా విను. రాజుగారి హారం పోయిన పాతకాలపు దొంగల నవల ఒకటి చదివింది. లైబ్రరీ ఆయన దానిమీద అభిప్రాయం రాయమంటే, "దొంగకేమో రాజకుమారినిచ్చి పెళ్ళి చేశారు. ఏ పాపం తెలియని కాపలావాణ్ణి ఉరితీసి మళ్ళీ తలుచుకోనైనా లేదు, ఇదేం న్యాయం" అని రాసి లైబ్రరీ గోడకి అంటించింది. ఆయన చింపేశాడు. అభిప్రాయం అంటే బాగుందని రాయడమేనట. మార్చి రాసేదాకా పుస్తకాలివ్వడట. నాకు ఒళ్ళు మండి, "తమరి గురించి నా అభిప్రాయం కూడా అంటించనా?" అన్నాను. పొగుడుతాననుకుని చొక్కా సర్దుకున్నాడు మహానుభావుడు.

పుస్తకాల్లేకపోతే పిల్ల బతకలేదని, పోనీ రెండు ముక్కలు మార్చవే అన్నాను. "మారిస్తే అతన్ని మళ్ళీ ఉరితీసినట్టే కదా మామయ్యా" అంది.

దాని స్వెట్టరు పంపు. నీ మోకాలు ఎలా ఉంది? బావగారికి నమస్కారాలు. ఆయన మర్యాదకి పోయి క్షమాపణ రాయకుండా చూడు. పిల్ల తలెత్తుకుని తిరుగుతోంది, తిరగనీ.

నీ తమ్ముడు